పూసలతో కబోషన్ లాకెట్: రాయి ఊడకుండా మొదటి కుట్టు నుంచి చివరి ముడి దాకా

మా చెల్లి నిశ్చితార్థానికి ఆకుపచ్చ ఓనిక్స్ రాయితో ఒక లాకెట్ చేసిచ్చాను, చుట్టూ మెరిసే స్టోన్స్, అంచుకి ముత్యాలు, అందరూ ఎక్కడ కొన్నావ్ అని అడిగారు కూడా, తీరా ఫంక్షన్ హాల్లో ఫొటోలు దిగుతుంటే రాయి ఊడి కింద పడిపోయింది. రాయి ఉన్నచోట ఎండిన గమ్ మరక ఒక్కటే మిగిలింది. చెల్లి ఏమీ అనలేదు, పైట కాస్త పైకి సర్దుకుంది అంతే, నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. ఇంటికొచ్చి విప్పి చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది, పూసలన్నీ రాయి చుట్టూ అందంగా కూర్చున్నాయి గానీ ఒక్కటి కూడా రాయిని పట్టుకోలేదు, మొత్తం భారం గమ్ మీదే పడింది.

అప్పట్నుంచి నేను చేసే ప్రతి పీస్‌లో రాయిని పట్టుకునేది పూసలే, కుట్టేటప్పుడు రాయి జరక్కుండా ఉండడానికి మాత్రమే గమ్ వాడతాను. కంసాలి రాయి పొదిగేటప్పుడు బంగారు రేకుని రాయి అంచు మీదకి వంచి నొక్కుతాడు కదా, అదే గూటిని మనం సూదీ దారంతో అల్లుతాం. ఇది వస్తే లాకెట్, జుంకాల పైభాగం, వంకీ, వడ్డాణం మధ్య బిళ్ళ, అన్నీ ఇదే పని. ఇక్కడ 25×18 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారం రాయితో ఒక లాకెట్ చేద్దాం, మొదటిసారి చేసేవాళ్ళకి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, ఒకే రాత్రి కూర్చుని పూర్తి చెయ్యాలని చూడకండి, గమ్ ఆరడానికే ఒక రాత్రి కావాలి.

ముందు రాయి సంగతి

కబోషన్ అంటే కింద చదునుగా, పైన నున్నగా ఉబ్బుగా ఉండే రాయి, వజ్రంలాగా కోణాలు కోసి ఉండదు. షాపులో కబోషన్ అంటే కొందరికి అర్థం కాదు, ఫోన్‌లో ఫొటో చూపించి అడిగితే తెచ్చిస్తారు. కొనేముందు రాయిని బల్ల మీద పెట్టి వేలితో ఒక అంచు నొక్కండి, ఊగితే వద్దు, అడుగు సమంగా లేని రాయి గూట్లో ఎప్పటికీ కదులుతూనే ఉంటుంది, కదిలే రాయి దారాన్ని కోస్తుంది. తర్వాత పక్కనుంచి చూడండి, రాయి అడుగు దగ్గర వెడల్పుగా ఉండి పైకి వెళ్ళేకొద్దీ లోపలికి వాలాలి. ఆ వాలు మీదే మన పూసలు వంగి పట్టుకుంటాయి. పక్కలు గోడలా నిలువుగా ఉండి పైన చదునుగా ఉన్న రాయితో మొదటి పీస్ చెయ్యొద్దు. ఎత్తు 5 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటే హాయి.

గట్టి రాళ్ళతో మొదలుపెట్టండి. అగేట్, అమెథిస్ట్, ఓనిక్స్, రోజ్ క్వార్ట్జ్ ఇవన్నీ గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద 7 దగ్గర ఉంటాయి, సూది గీసుకున్నా ఏమీ కాదు. మాలకైట్ 3.5 నుంచి 4 మాత్రమే, చేతికి పెట్టుకునేవాటికి అది పనికిరాదు, మెడలో అయితే పర్లేదు. తక్కువ ధరకి దొరికే ఫిరోజా చాలావరకు రంగేసిన హౌలైట్ అనే తెల్ల రాయే, ఆకుపచ్చ ఓనిక్స్ కూడా ఎక్కువగా రంగేసిందే, అందులో తప్పేం లేదు గానీ నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో రాయి అడుగున ఒకసారి రుద్ది చూడండి, దూదికి రంగు అంటితే చెమటకి కూడా అంటుతుంది. రోజ్ క్వార్ట్జ్, మూన్‌స్టోన్ లాంటి వెలుతురు దూరే రాళ్ళ కింద ఏ రంగు ఉంటే ఆ రంగే పైకి కనిపిస్తుంది, కాబట్టి వాటి కింద తెల్ల బట్టే వాడాలి. నల్ల ఫెల్ట్ (నేయకుండా ఒత్తి చేసే దళసరి బట్ట, రాయిని దీనిమీదే అతికిస్తాం) మీద మూన్‌స్టోన్ అతికించి రాయి చచ్చిపోయింది అని బాధపడినవాళ్ళు నాకు తెలుసు.

గాజు కబోషన్ కింద అమ్మవారి బొమ్మ ప్రింట్ అతికించి చేసేవి కూడా చాలా బాగుంటాయి, ప్రింట్ మాత్రం లేజర్‌ది అయ్యుండాలి, ఇంక్‌జెట్ అయితే గమ్ తడికి రంగు పాకిపోతుంది.

పూసలు, దారం, మిగతావి

పూసల సైజు నంబర్ ఎంత పెద్దదైతే పూస అంత చిన్నది, ఇది మొదట్లో అందరికీ తికమకే. 11/0 అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, 15/0 అంటే 1.5, 8/0 అంటే 3. మనకి 11/0 ఒక రంగు, 15/0 ఒక రంగు చాలు, ఒక్కోటి 5 గ్రాములు తెచ్చుకున్నా మిగిలిపోతాయి. గూడు కట్టే పూసలకి మాత్రం డబ్బు దగ్గర వెనకాడకండి. జపాన్ పూసలు, అంటే హిరోషిమా వైపు తయారయ్యే మియుకి, తోహో, ఇవి దాదాపు అన్నీ ఒకే సైజులో ఉంటాయి, కన్నం పెద్దది, 15/0 పూసలో కూడా దారం మూడు నాలుగుసార్లు పోతుంది. మగ్గం వర్క్ షాపుల్లో కిలోల లెక్కన దొరికే షుగర్ బీడ్స్ బ్లౌజ్ మీదకి బాగుంటాయి, గూటికి పెడితే ఒకటి లావు ఒకటి సన్నం వచ్చి వరస వంకర్లు పోతుంది. అవే వాడాలనుకుంటే ముందు ఒక ప్లేట్‌లో పోసి ఒకే సైజువి ఏరుకోండి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, అరగంట పని.

ఇక కట్ బీడ్స్ గురించి ఒక మాట. చిన్న గాజుపూసలు ఎలా చేస్తారంటే, కరిగిన గాజుని సన్నని పొడుగాటి గొట్టంలా లాగి, చల్లారాక చిన్న ముక్కలుగా కోసి, మళ్ళీ వేడి చేసి అంచులు గుండ్రం చేస్తారు. మన తిరుపతి జిల్లా ఏర్పేడు దగ్గర పాపానాయుడుపేటలో గాజుని చేత్తో గొట్టంలా లాగి పూసలు చేసే పద్ధతి తరాలుగా ఉంది, పూసల చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన పీటర్ ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చి ఆ పని చూసి, పాండిచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన పాతకాలం పూసలదీ ఇదే పద్ధతి అని రాశారు. నేనిది ఎందుకు చెప్తున్నానంటే, రెండోసారి వేడి చేసి నున్నగా చెయ్యకుండా వదిలేసిన పూసల అంచు బ్లేడులా ఉంటుంది. గొట్టాల్లాంటి కట్ బీడ్స్ చాలావరకు అలాంటివే, మెరుపు ఎక్కువ గానీ దారాన్ని లోపల్నుంచి కోస్తాయి. గూటికి అవి అస్సలు వద్దు, పైన అలంకారానికి వాడినా ఒక్కోదానికి రెండు వైపులా ఒక్కో గుండ్రటి పూస ఎక్కించండి.

రంగు విషయంలో, బంగారు రంగు పూసల్లో కొన్నిటికి పైన పూత మాత్రమే ఉంటుంది, రెండు నెలల్లో మెడ చెమటకి తెల్లగా అయిపోతాయి. నాలుగు పూసలు రిమూవర్‌లో పది నిమిషాలు నానబెట్టి చూసి అప్పుడు వాడండి.

దారం: మామూలు కుట్టు దారం వద్దు, పారదర్శకంగా ఉండే నైలాన్ వైరు అసలే వద్దు, కొన్నాళ్ళకి సాగి, పెళుసెక్కి తెగుతుంది. చేపలు పట్టే సామాన్ల షాపుల్లో దొరికే అల్లిన దారం, ఫైర్‌లైన్ బ్రాండ్‌లో 6 పౌండ్ల బరువు ఆపేది గానీ అలాంటిది ఇంకోటి గానీ, సుమారు 0.15 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. అది దొరక్కపోతే పూసల పనికి వచ్చే నైలాన్ దారానికి కొవ్వొత్తి మైనం రాసి వాడొచ్చు. సూది 10 నంబర్ ఒకటి, 12 నంబర్ రెండు, సన్నవి కదా విరుగుతాయి.

మెరిసే స్టోన్స్‌కి స్టోన్ చైన్ కొనండి, చిన్న లోహపు కప్పుల్లో రాళ్ళు బిగించి వరసగా వచ్చేది, 2 మిల్లీమీటర్లది అంటే ఎస్ఎస్6 సైజు. మన లాకెట్ చుట్టూ 9 సెంటీమీటర్లు పడుతుంది, 12 కొంటే సరి. స్వరోవ్‌స్కీ వాళ్ళు 2021 నుంచి మనలాంటి చేతిపనివాళ్ళకి విడి రాళ్ళు అమ్మడం ఆపేశారు, అందుకని కొత్త స్టాక్ స్వరోవ్‌స్కీ అని ఎవరైనా చెప్తే నమ్మి ఎక్కువ పెట్టకండి, చెక్ దేశం ప్రెసియోసా రాళ్ళు మెరుపులో ఏమీ తీసిపోవు.

ఇవి కాక గట్టి ఫెల్ట్ షీట్ ఒకటి, వెనక వేసుకోడానికి స్వెడ్ గుడ్డ గానీ మెత్తటి రెక్సిన్ గానీ, ఈ-6000 లేదా బీ-7000 గమ్. ఫెవిక్విక్ లాంటి త్వరగా అతుక్కునేవి వద్దు, ఎండాక పెళుసు, పైగా ఆవిరికి రాయి అంచున తెల్లటి పొగ పట్టినట్టు అవుతుంది. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడలో వన్‌టౌన్, ఈ సామాన్లలో చాలావరకు దొరుకుతాయి, జపాన్ పూసలు మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి.

అతికించడం

ఫెల్ట్ ముక్క రాయి చుట్టూ కనీసం 2 సెంటీమీటర్లు మిగిలేలా కోసుకోండి, పొదుపు అని చిన్నది కోస్తే చేత్తో పట్టుకోడానికే ఉండదు. రాయి అడుగుని స్పిరిట్‌తో తుడిచి, గమ్ మధ్యలో పల్చగా రాసి, అంచుకి 2 మిల్లీమీటర్లు లోపలే ఆపెయ్యండి. అంచు దాకా రాస్తే నొక్కగానే బయటికి పొంగి గట్టిపడుతుంది, తర్వాత సరిగ్గా అక్కడే సూది దిగాలి, దిగదు, విరుగుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ గమ్ వాసన మంచిది కాదు. పైన ఏదైనా బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి.

మొదటి చుట్టు

బారెడు దారం, అంటే రెండు చేతులు చాచినంత, తీసుకుని చివర ముడేసి, రాయి అంచుని ఆనుకుని కింద నుంచి పైకి సూది తియ్యండి. 11/0 పూసలు నాలుగు ఎక్కించి రాయి పక్కన వరసగా పడుకోబెట్టి, నాలుగో పూస అయిపోయిన చోట సూది కిందికి దించండి. ఇప్పుడు వెనక్కి వచ్చి రెండో పూసకీ మూడో పూసకీ మధ్యలో పైకి తీసి, మూడు నాలుగు పూసల్లోంచి మళ్ళీ దారం పోనివ్వండి. మళ్ళీ నాలుగు. ఇదే బ్యాక్ స్టిచ్. రాయి కొనల దగ్గర వంపు ఎక్కువ ఉంటుంది కదా, అక్కడ నాలుగు బదులు రెండేసి పూసలే ఎక్కించండి, లేకపోతే వంపు బదులు మూల వస్తుంది. సూది ఎప్పుడూ నిలువుగా దిగాలి, రాయి కిందికి ఏటవాలుగా పోతే పూస లోపలికి దూరి రాయిని పైకి లేపుతుంది.

మన రాయికి ఈ చుట్టులో 50కి అటూ ఇటూగా పూసలు వస్తాయి. 48 అయినా 50 అయినా పర్లేదు, సరి సంఖ్య మాత్రం కచ్చితంగా రావాలి. చివర ఆరేడు పూసలు మిగిలి ఉండగానే లెక్కపెట్టుకుని, బేసి వచ్చేలా ఉంటే కాస్త సన్న పూసలు ఏరి ఒకటి ఎక్కువ ఇరికించడమో, లావువి ఏరి ఒకటి తగ్గించడమో చెయ్యండి. అప్పుడు కుదురుతుంది, మూడు వరసలు అయ్యాక కుదరదు, మొత్తం విప్పాలి. చుట్టు పూర్తయ్యాక ఫెల్ట్‌లోకి దిగకుండా పూసల్లోంచే దారాన్ని ఇంకో రౌండ్ తిప్పి లాగండి, గీసినట్టు సాఫీ అవుతుంది.

మగ్గం వచ్చినవాళ్ళు ఈ చుట్టుని ఆరీ సూదితో (మగ్గం పనిలో వాడే, కొనకి కొక్కెం ఉండే సూది) వెయ్యొచ్చు కదా అని అడుగుతారు. ఆరీది గొలుసు కుట్టు, ఒకచోట తెగితే వరస మొత్తం లాగినట్టు వచ్చేస్తుంది, బరువు మోసే చోట అది వద్దు, పక్కన డిజైన్‌కి వేసుకోండి.

గూడు కట్టడం

ప్రాణం అంతా ఇక్కడే ఉంది, నిదానంగా చదవండి, చేతిలో సూది పట్టుకుని చదివితే ఇంకా మంచిది. దీన్ని పెయోటీ కుట్టు అంటారు. దారం చుట్టులోని ఏదో ఒక పూసలోంచి బయటికి వచ్చి ఉంది కదా, ఒక 11/0 పూస ఎక్కించండి, చుట్టులో పక్క పూసని వదిలేసి ఆ తర్వాతి పూసలోకి సూది పోనివ్వండి. మళ్ళీ ఒకటి ఎక్కించు, ఒకటి వదిలెయ్యి, తర్వాతి దాన్లోకి పో. ఇలా చుట్టూ తిరిగితే 48 పూసల చుట్టు మీద 24 పూసలు పళ్ళలా నిలబడతాయి. మొదలుపెట్టిన చోటికి రాగానే సూది అడుగు పూసలోంచి వచ్చి, వెంటనే ఈ వరసలో మొదట పెట్టిన పూసలోంచి కూడా పైకి రావాలి. ఈ ఒక్క అడుగు పైకెక్కడం మర్చిపోతేనే చాలామందికి రెండో వరసలో అంతా గజిబిజి అవుతుంది. మర్చిపోకుండా ప్రతి వరసలో మొదటి పూస వేరే రంగుది పెట్టి అలవాటు చేసుకోండి, రెండు మూడు పీస్‌లు అయ్యాక అక్కర్లేదు.

రెండో వరసలో పళ్ళ మధ్య ఖాళీల్లో ఒక్కో పూస, మళ్ళీ 24. ఒక్కో వరసకి గోడ సుమారు 1 మిల్లీమీటర్ పెరుగుతుంది. రెండు వరసలు 11/0తో అయ్యాక 15/0కి మారండి, అసలు పట్టు వచ్చేది ఈ మార్పుతోనే, చిన్న పూసలు అంతే సంఖ్యలో ఎక్కినప్పుడు చుట్టుకొలత తగ్గి గోడ తనంతట తానే రాయి మీదకి వాలుతుంది. ప్రతి రెండు మూడు పూసలకీ దారం బిగించుకుంటూ వెళ్ళండి, చివర్లో ఒకేసారి లాగుదాం అనుకుంటే అల్లిన దారం మధ్యలో పట్టేసుకుని రాదు. 15/0తో రెండు వరసలు వేసి, ఆఖరి వరసలో ఏమీ ఎక్కించకుండా దారాన్ని ఇంకోసారి చుట్టూ తిప్పి, బిగించి, గోడలోంచే కిందికి దింపి ఫెల్ట్ వెనక ముడెయ్యండి.

ఇప్పుడు ఫెల్ట్‌ని తలకిందులు చేసి వెనక నుంచి బొటనవేలితో రాయిని గట్టిగా నొక్కండి. రాయి కదిలిందా, పూసల మధ్య వెలుతురు కనిపించిందా, అయితే ఇంకో వరస 15/0 కావాలి. గోడ ఎత్తు సరిపోయింది గానీ వదులుగా ఉందనిపిస్తే అప్పుడప్పుడూ ఒక ఖాళీని పూస లేకుండా దాటెయ్యండి, నాలుగు వైపులా ఒక్కోటి, వెంటనే బిగుస్తుంది. గోడ మరీ ఎక్కువ వరసలు వేసి సగం రాయిని కప్పెయ్యకండి, రాయి కోసమే కదా ఇదంతా.

మెరుపు చుట్టు

స్టోన్ చైన్‌ని గూటి బయట ఆనించి, కప్పుకీ కప్పుకీ మధ్య ఉన్న సన్న కడ్డీ మీదుగా దారం అడ్డంగా వేసి రెండేసిసార్లు కుట్టండి. ఎక్కడ కలుస్తుందో ముందే చుట్టి చూసి, కటింగ్ ప్లైయర్‌తో కోసి, ఆ అతుకు లాకెట్ పైభాగంలో కొక్కెం వచ్చే చోటికి తెచ్చుకోండి, కనపడదు. కోసిన కప్పు అంచు గరుకుగా ఉంటే గోళ్ళ ఫైల్‌తో రుద్దెయ్యండి, దారం దానికి రాసుకుంటూ ఉంటుంది.

దాని బయట ఇంకో వరస మీ ఇష్టం. నాకైతే 3 మిల్లీమీటర్ల ముత్యాలు, మధ్యమధ్య ఒక 11/0 పూస, ఇలా వేస్తే గుట్టపూసల హారం గుర్తొచ్చి చాలా ఇష్టం. క్రిస్టల్ పూసలు వేస్తే కన్నం అంచు పదును, అక్కడ రెండుసార్లు దారం పోనివ్వండి. మొదటి లాకెట్‌కి ఇంతకంటే వరసలు వద్దు, బరువు పెరిగితే మెడలో తిరగబడుతుంది.

వెనక, అంచు

చిన్న కత్తెరతో చివరి పూసలకి 1 మిల్లీమీటర్ దూరంలో ఫెల్ట్ కోసెయ్యండి, కత్తెరని కాస్త బయటికి వాల్చి పట్టుకుంటే దారాలు తెగవు. తెగితే కంగారు పడకుండా అక్కడే కొత్త దారంతో నాలుగు కుట్లు వేసి ముడెయ్యండి. లాకెట్ వంగకుండా ఐస్‌క్రీమ్ డబ్బా మూత లాంటి ప్లాస్టిక్ ముక్కని అంచుకి 3 మిల్లీమీటర్లు లోపలికి కోసి అతికించి, దానిమీద స్వెడ్ అతికించి, ఆరాక స్వెడ్‌ని కూడా సరిగ్గా ఫెల్ట్ అంచుకి కోసెయ్యండి.

అంచు కుట్టు తేలిక: రెండు పూసలు ఎక్కించి, వెనక నుంచి ముందుకి రెండు పొరల్లోంచి సూది తీసి, రెండో పూసలోంచి కింద నుంచి పైకి పోనివ్వాలి, ఆ తర్వాత ఒక్కో పూసే, పూస వెడల్పంత దూరంలో. గమ్ ఉన్నా ఈ అంచు తప్పదు, గుడ్డ పొరల్ని కలిపి పట్టేది ఇదే. పైభాగంలో మధ్యనున్న మూడు నాలుగు అంచు పూసల్లోంచి 15/0 పూసలు పదిహేను ఎక్కించి ఉంగరంలా చేసి, దారం కనీసం నాలుగుసార్లు తిప్పండి. అదే మీ కొక్కెం. నల్లపూసల్లో వేసుకోవచ్చు, ముత్యాల సరానికి వేసుకోవచ్చు, వెనక డోరీ కట్టుకోవచ్చు.

చెవులకి చేస్తే రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అడుగూ రెండిటికీ చేసుకుంటూ వెళ్ళండి, ఒకటి పూర్తి చేసి రెండోది మొదలుపెడితే ఎంత లెక్కపెట్టినా బిగింపు తేడా వచ్చి ఒకటి పెద్దగా కనిపిస్తుంది. ఒక్కోటి 10 గ్రాములు దాటితే మాటీలు పెట్టుకోవాల్సిందే.

వేసుకునేటప్పుడు సెంటు కొట్టుకున్నాక, ఆరాక వేసుకోండి. తీశాక పొడి గుడ్డతో తుడిచి విడిగా జిప్ కవర్‌లో, నీళ్ళు తగలనివ్వద్దు, స్టోన్ చైన్ రాళ్ళ వెనక ఉండే వెండి పూత తడికి నల్లబడితే మళ్ళీ రాదు. ఆ జిప్ కవర్‌లోనే ఒక చిన్న పొట్లంలో వాడిన ప్రతి పూసవీ ఓ పది, రెండు కప్పుల స్టోన్ చైన్, పూసల రంగు నంబర్ రాసిన చీటీ పెట్టి ఇవ్వండి. మూడేళ్ళ తర్వాత అంచులో ఒక పూస పగిలి మీ దగ్గరికి తెచ్చినప్పుడు అదే రంగు కోసం బజారంతా తిరిగే పని ఉండదు.